తప్పు లేని ఫొటోలు

మా షెడ్డులో మంచి గుడ్డకు మాట దక్కదు. మగ్గం మీంచి దిగిన తాకాను, అంటే పెద్ద గుడ్డ చుట్టను, నా బల్ల మీద వేస్తారు. బల్ల గాజుది, కింద ట్యూబ్‌లైట్లు. గుడ్డను లాగుతూ తప్పులు వెతకడం నా పని. పోగు తెగిన చోట, నూనె మరక పడ్డ చోట, ఒకే దారిలో రెండు పోగులు పడ్డ చోట సుద్దతో గీత గీసి మాస్టర్‌ను కేకేస్తాను. మాస్టర్ అంటే మగ్గాలు బాగుచేసే మనిషి. వచ్చి, గీత చూసి, ఏ మగ్గమో అడిగి, పానా పట్టుకుని అటు వెళతాడు. తప్పు లేని తాకాను మాత్రం ఎవరూ మాస్టర్‌కు చూపించరు. మడిచి పక్కన పెడతాం. సూరత్ వచ్చినప్పటి నుంచీ నేను చేస్తున్నది ఇదే పని. ఆ మాస్టర్ మా ఆయనే.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా ఆయన కుడికన్ను పోవడంలో ఈ అలవాటుకు పాలు ఉంది. అలవాటు మీదికి నెట్టేసి నేను తప్పుకోవడం దేనికి, నాకే పాలు ఉంది.

మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలన్నీ ఆగిపోయాయి. కోసాడ్‌లో మేముండే బిల్డింగులో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి. ఒడిశా వాళ్లూ, మనవాళ్లూ దొరికిన బండి పట్టుకుని ఊళ్లకు పోయారు. మేం పోలేదు. ఊళ్లో మాకు ఎవరూ మిగల్లేదు. పిల్లలు కూడా లేరు. ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తున్నాను. మాది పై అంతస్తు కాబట్టి సాయంత్రం వంట కాగానే డాబా మీద చాప వేసుకుని కూర్చునేవాళ్లం. మగ్గాల చప్పుడు లేక మా ఆయనకు ఏమీ తోచేది కాదు. చెవిలో ఏదో పోయినట్టు మాటిమాటికీ చెవి రుద్దుకునేవాడు.

ఒక సాయంత్రం ఉన్నట్టుండి అడిగాడు.

"ఏమే, మన పెండ్లిల పంతులు అరుంధతిని సూపిచ్చిండు గదా. నువ్వు సూసినవా?"

"నువ్వు సూసినవా?"

"నాకు పందిరి గుంజ గనవడ్డది."

నాకు గుంజ కూడా కనపడలేదు. ఎండ కళ్లలో పడుతుంటే, ముత్తయిదువలు వెనక నుంచి పొడుస్తుంటే, కనపడింది అన్నాను. ఆయనా కనపడింది అన్నాడు. మొగుడూ పెళ్లాలుగా మేం కలిసి చేసిన మొదటి పని ఆ అబద్ధమే. ఆ మాటకు ఆ సాయంత్రం డాబా మీద ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. నవ్వి, వెతికాం. సప్తర్షులను ఇద్దరికీ గుర్తుపట్టడం వచ్చు. గరిటె కాడలాగా ఉన్న మూడు నక్షత్రాల్లో నడిమిది వశిష్ఠుడు, దాన్ని అంటుకుని మిణుకుమంటున్నది అరుంధతి. నా కళ్లకు దొరికింది. ఆయనకు దొరకలేదు. "ఉన్నదంటవా?" అంటాడు. ఉంది అంటాను. నమ్మడు. మనిషి మాట మీద నమ్మకం లేని వృత్తి ఆయనది, పానా పెట్టి విప్పితేగాని ఏదీ ఒప్పుకోడు.

అలా మొదలైంది ఫొటోల పిచ్చి. ముందు ఫోన్‌తో తీశాడు, నల్లటి చీకటి వచ్చింది. తర్వాత ఫోన్‌లో హిందీ వీడియోలు చూడటం మొదలుపెట్టాడు. ఒక పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్, మనవాడే, పెళ్లిళ్లు ఆగిపోయి ఊరికి పోతూ కెమెరా అమ్ముతుంటే కొన్నాడు. ఎన్ని పెళ్లిళ్లలో అరుంధతిని చూస్తున్నట్టు నటించిన మొహాలను తీసిందో ఆ కెమెరా. నేను తిట్టాను. తిన్నదరగక చేసే పనులు అన్నాను. కానీ కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెడగొట్టినట్టు, పదిరోజులు తిరిగేసరికి నేనూ కెమెరా వెనక మెడ వంచుకుని కూర్చున్నాను. మీట నొక్కడం నాది, వచ్చిన ఫొటోలు పరీక్ష చేయడం కూడా నాదే. తప్పులు పట్టడం నాకు కొత్త కాదు గదా.

మొదటి ఫొటోలన్నీ చెత్త. నక్షత్రాలు బియ్యపు గింజల్లా సాగిపోయి వచ్చేవి. కెమెరా కదలకుండా ఉంటుంది, ఆకాశం జరిగిపోతూ ఉంటుంది, అందుకే అలా సాగుతాయని వీడియోల్లో చెప్పారు. మా ఆయన ముఖం అప్పుడు వెలిగింది.

"గుడ్డ లెక్కనే గదనే. అది ఎంత జరిగితే మనం గంతే సుట్టాలె. ఎక్కువ సుట్టినా తప్పే, తక్కువ సుట్టినా తప్పే."

షెడ్డు తెరిచాక తుక్కులో పడేసిన మగ్గం నుంచి గుడ్డ చుట్టే రోలర్ తాలూకు పళ్ల చక్రం విప్పుకొచ్చాడు. రెండు చెక్కపలకలు తెచ్చి, తలుపులాగా తెరుచుకునేట్టు ఒక పక్క మడతబందుతో కలిపాడు. రెండో పక్క పొడుగాటి బోల్టు, దానికి పళ్ల చక్రం. పై పలక మీద కెమెరా. బందును ధ్రువనక్షత్రం వైపు గురిపెట్టి, చక్రాన్ని చేత్తో ఒక్కో పన్నూ తిప్పుతూ పోతే, పలక ఆకాశంతోపాటు మెల్లగా లేస్తుంది. టిక్కు, టిక్కు అని చప్పుడు. ఆ చప్పుడు విన్నాక ఆయన చెవి రుద్దుకోవడం మానేశాడు.

కుదరడానికి నెలలు పట్టింది. చక్రం జారేది. పక్క బిల్డింగు లైటు అడ్డం పడేది. వానాకాలమంతా ఆకాశమే లేదు, కెమెరాకు చెమ్మ పట్టకుండా బియ్యం డబ్బాలో దాచాం. చలికాలంలో ఒకరోజు కృత్తికలు తీస్తే గింజలు కాదు, ఆవాలు వచ్చాయి. గుండ్రంగా, చిన్నగా, ఒక్కొక్కటీ విడివిడిగా. ఆ ఫొటో చూసి ఆయన, ఎండాకాలం వస్తే సప్తర్షులు సాయంత్రంపూట పైకొస్తారు, అప్పుడు అరుంధతిని పట్టుకుందాం అన్నాడు. మా జీవితంలో అంత సుఖంగా ఉన్న చలికాలం ఇంకోటి లేదు. అది చెప్పుకోవాలంటే ఇప్పుడు నోరు చేదుగా ఉంటుంది.

ఏప్రిల్‌లో ఆయనకు కరోనా వచ్చింది. షుగరు మనిషి. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. నన్ను లోపలికి రానివ్వలేదు. గేటు బయట చెట్టుకింద కూర్చుని, లోపలి నుంచి వచ్చే ప్రతి స్ట్రెచర్ వైపూ లేచి చూసి, మనిషి పాదాలు చూసి, కాదని మళ్లీ కూర్చునేదాన్ని. మొగుడి పాదాలు అంత బాగా తెలుసని నాకు అప్పుడే తెలిసింది. బతికి వచ్చాడు. చిక్కి సగమయ్యాడు గానీ నడుచుకుంటూ వచ్చాడు. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

ఇంటికి వచ్చిన మూడో రోజుకే డాబా ఎక్కుతానన్నాడు. వద్దంటే వినలేదు. పలకలు నేనే మోశాను. సప్తర్షులు ఉత్తరాన బాగా పైకి వచ్చి ఉన్నారు. కెమెరాను అంత పైకి ఎత్తితే వెనకున్న తెర నేలవైపు వాలుతుంది. చాప మీద కూర్చుని, దాని కిందికి దూరి, కళ్లు పైకెత్తి చూడాలి. ఆయన అలా చూశాడు.

"ఏందే ఇది? ఇద్దరు గాదు, నలుగురున్నరు. వశిష్ఠుడు గిట్ల రెండో పెండ్లి జేసుకున్నడా?"

నేను నవ్వాను. పన్నెండు రోజుల తర్వాత ఆయన వేసిన మొదటి జోకు అది. గట్టిగా నవ్వాను. ఆ నవ్వును నేను ఇంతవరకూ క్షమించుకోలేదు.

నేను కిందికి దూరి చూస్తే ఇద్దరే ఉన్నారు. ఆ మాటే చెప్పాను. ఆయన పలకను వేలితో తట్టి, బందు ఊగుతున్నది, అందుకే ఒకటి రెండుగా పడుతున్నది, నువ్వు చూసినప్పుడు ఊగలేదు అన్నాడు. నాకు అది తప్పుగా తోచలేదు. బందు ఊగితే నక్షత్రాలు రెండు రెండుగా పడటం మేం అంతకుముందు చూసిందే. గుడ్డలో తప్పుంటే మగ్గం చూడు అని మా షెడ్డులో మాట. మనిషిని చూడమని ఎవరూ అనరు.

రెండో సాయంత్రం బందు విప్పి, గుడ్డ పీలిక మడిచి సందులో పెట్టి బిగించాడు. మళ్లీ నలుగురే అన్నాడు. అయినా ఫొటోలు తీశాం. తెల్లారి నేను కెమెరాను ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కటీ పెద్దది చేసి పరీక్షించాను. వశిష్ఠుడు ఒక్కడే. అరుంధతి ఒక్కతే. అన్నిటిలోనూ అంతే. గుండ్రంగా, అంచు చెదరకుండా ఉన్నాయి. మేం అంతకుముందు తీసినవాటిలో ఏవీ వీటికి సాటిరావు. ఆయన బిగించిన బిగింపు పనిచేసింది అనుకున్నాను. తప్పు లేదు కాబట్టి ఆయనను పిలవలేదు. మంచి తాకాను మాస్టర్‌కు చూపించం గదా. కెమెరా మూసి బియ్యం డబ్బాలో పెట్టి అన్నం వండుకున్నాను.

ఇంత చదివిన మీకు ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది. నాకు తెలియలేదు. పొద్దంతా తప్పులు పట్టే నాకు ఇది తట్టలేదు.

మూడో సాయంత్రం స్క్రూలు మార్చాడు. నలుగురే. కుడి చెంప తిమ్మిరెక్కినట్టుంది అన్నాడు, ఆసుపత్రిలో ఆక్సిజన్ మాస్కు ఒత్తిడికి అయ్యుంటుంది అన్నాను. ముక్కు బిగుసుకుందంటే ఆవిరి పట్టించాను. తెల్లారి ఫొటోలు చూశాను, బాగున్నాయి, మూసి పెట్టాను. నాలుగో సాయంత్రం బందే మార్చేశాడు. మళ్లీ నలుగురు. అప్పటికి ఆయనకు నీరసం, నాకు విసుగు.

"నీకు కండ్లున్నయా లెవ్వా? గింత పెద్దగ రెండు రెండు కనవడ్తుంటే ఇద్దరే అంటవేంది?"

"నాకు మంచిగనే కనవడ్తున్నది. తప్పు నీ కండ్లల్ల ఉన్నది, బందుల గాదు. పోయి సూపిచ్చుకో."

తిట్టుగా అన్నాను. నా నోరు మంచిది కాదు, బిల్డింగంతా ఎరుగుదురు. నిజం అంత దగ్గరికి వచ్చి నా నోట్లోంచే బయటపడితే, అది నిజమని నాకే తెలియలేదు. ఒక్కసారి కెమెరా వదిలేసి ఉత్త కళ్లతో చంద్రుణ్ణో, పక్క బిల్డింగు పై లైటునో చూడమన్నా బయటపడేది. అనలేదు. ఆయన నొచ్చుకుని, పలకలు అక్కడే వదిలేసి కిందికి దిగిపోయాడు.

తెల్లారేసరికి కుడి రెప్ప వాలిపోయి ఉంది. చుట్టూ వాచింది. ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. ఆ రోజుల్లో దానికి వేరే వార్డే పెట్టారు, బ్లాక్ ఫంగస్ వార్డు. అంతమంది ఒంటికంటి మనుషులను ఒకేచోట నేను ఎన్నడూ చూడలేదు. రాసుకునే చిన్న డాక్టరమ్మ హిందీలో అడిగింది, ఒకటి రెండుగా కనపడటం ఎన్ని రోజుల నుంచి అని. నిన్నటి నుంచి, అన్నాను.

ఎందుకన్నానో నన్నడగకండి. భయం. ఇన్నాళ్లు ఏం చేశావని అడుగుతుందేమోనని భయం. మా ఆయన మంచం మీంచి చెయ్యి ఎత్తాడు. నాలుగు వేళ్లు చూపించాడు. ఆమె ఆ వేళ్ల వైపు చూసింది, నా వైపు చూసింది, కొట్టివేసి నాలుగు రాసుకుంది.

ముక్కులోంచి ఆ బూజు కంటి వెనక్కి పాకిందని, కంటిని పైకి తిప్పే కండను పట్టిందని తర్వాత పెద్ద డాక్టరు చెప్పాడు. అందుకే ఎదురుగా చూస్తే ఒకటి, కళ్లు పైకెత్తితే రెండు. ఇంజెక్షన్ల కోసం ఊరంతా తిరిగాను, దొరికినన్ని దొరికాయి. చాలలేదు. కన్ను తీసేయకపోతే మెదడుకు పోతుందన్నారు, వేలిముద్ర కాదు సంతకమే పెడతానని పెన్ను అడిగి మరీ పెట్టాను. నాలుగు రోజులు ముందు వచ్చుంటే కన్ను నిలిచేదా అని అడిగాను ఆ డాక్టరును. "నిలిచేదేమో, చెప్పలేం" అన్నాడు. ఆ 'ఏమో'తో నేను బతుకుతున్నాను. అవునంటే ఏడ్చి ఊరుకునేదాన్ని, కాదంటే ఊపిరి పీల్చుకునేదాన్ని. ఏమో అంటే ఏం చేయాలో ఎవరికీ తెలియదు.

మా ఆయన మళ్లీ మాస్టర్ కాలేదు. చప్పుడు విని ఏ మగ్గంలో ఏ తప్పో చెప్పే మనిషి, పోగు పట్టుకోబోతే చెయ్యి వేలెడు ఇవతలే ఆగిపోయేది. ఒంటికన్నుకు దూరం అందదట. తిరిగే మగ్గంలో చెయ్యి పెడతాడేమోనని షెడ్డు యజమాని సేఠ్ భయపడి గేటు దగ్గర కుర్చీ వేశాడు. కొత్త మాస్టర్ వచ్చాడు. నేను ఇప్పుడు ప్రతి మంచి తాకాకూ అతన్ని కేకేస్తున్నాను. "భయ్యా, ఇది బాగుంది, ఇందులో తప్పు లేదు" అని చెబుతున్నాను. పాపం మంచివాడు, మొదట్లో వచ్చి చూసేవాడు. ఇప్పుడు దూరం నుంచే చెయ్యి ఊపుతాడు. మొగుడికి అలా అయ్యాక ఆమెకు మతి చలించిందని షెడ్డులో అనుకుంటారు. అనుకోనీ.

వానలు వెనకబట్టాక ఒక సాయంత్రం టీ తాగుతూ ఆయన అడిగాడు.

"ఆ నాలుగు రోజుల ఫొటోలు ఎట్లొచ్చినయే?"

నేను ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాను, వానాకాలమంతా. బాగా వచ్చాయంటే, మరి నాకెందుకు చెప్పలేదు అని అడుగుతాడు. చెప్పి ఉంటే, ఫొటోల్లో ఇద్దరే ఉన్నారు, నాకు మాత్రం నలుగురు కనపడుతున్నారు, మరి తప్పెక్కడ అని ఆ మాస్టర్ బుర్ర రెండో రోజు పొద్దున్నే పట్టేసేది. పట్టేవాడు. నాకు బాగా తెలుసు.

"అన్నీ చెడిపోయినయ్. రెండు రెండు పడ్డయ్. తీసేసిన" అన్నాను.

"అన్నీనా?"

"అన్నీ."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "అయితే బందుల గుడ తప్పున్నట్టే" అన్నాడు. నమ్మాడో, నమ్మినట్టు ఉన్నాడో నాకు తెలియదు. పెళ్లిలోనూ అంతే, కనపడింది అని ఆయనంటే నేను నమ్మాను గదా.

ఫొటోలను నేను తీసేయలేదు. మంచి గుడ్డను పారేసే చెయ్యి కాదు నాది. అవి ఉన్న కెమెరా కార్డు షెడ్డులో నా సుద్దముక్కల డబ్బా అడుగున ఉంది.

చలికాలమంతా ఆయన బందు బాగుచేశాడు. రోజూ గేటు డ్యూటీ నుంచి రాగానే పలకలు ముందేసుకుని కూర్చునేవాడు. స్క్రూడ్రైవర్ గాడిలో పడేది కాదు, జారి వేలికి గుచ్చుకునేది. నేను టార్చి పట్టుకుని పక్కన కూర్చునేదాన్ని. రక్తం తుడిచి మళ్లీ పట్టేవాడు. ఆ బందులో ఏ తప్పూ లేదు. ఒక్క మాట చెబితే ఆయన చేతికి ఆ గాయాలుండవు. రోజూ నోటిదాకా వచ్చేది, మింగేదాన్ని.

మళ్లీ మే వచ్చింది. డాబా మీద చాప వేశాం. ఆయన కెమెరా కిందికి దూరి, ఎడమకన్ను పైకెత్తి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇద్దరే" అన్నాడు.

"ఏంది?"

"ఇద్దరే ఉన్నరే. అరుంధతి పక్కకున్నది. బందు మంచిగైంది."

ఒంటికన్నుకు ఒకటి రెండుగా కనపడదు. పెద్ద డాక్టరు మా ఇద్దరి ముందే చెప్పిన మాట అది.

"జర నువ్వూ సూడు. కనవడ్డరా?"

కిందికి దూరాను. కళ్లలో నీళ్లు నిండి తెరంతా మసకమసకగా ఉంది. నాకు ఒక్కరూ కనపడలేదు.

"కనవడ్డరు" అన్నాను.

మరునాడు పొద్దున కొత్త ఫొటోలు ఒళ్లో పెట్టుకుని చూశాను. తర్వాత కెమెరాను సంచిలో వేసుకుని షెడ్డుకు పోయి, డబ్బా అడుగు నుంచి పాత కార్డు తీసి అందులో పెట్టి నిరుటి మూడో సాయంత్రం ఫొటో చూశాను. రెంటికీ వెంట్రుకంత తేడా లేదు. సాయంత్రం ఇంటికి పోతుంటే గేటు దగ్గర కుర్చీలోంచి లేచి ఎదురొచ్చాడు.

"ఎట్లొచ్చినయే?"

"మంచిగొచ్చినయ్" అన్నాను. అరుంధతి ఫొటోలు మంచిగా వచ్చాయని ఆయనకు చెప్పడం అదే మొదటిసారి.

"ముందటి లెక్క లెవ్వు గదా?"

"లెవ్వు" అన్నాను.